మార్కండేయులు బాబాయ్ తుఫాను సామాను

కాకినాడలో మా మార్కండేయులు బాబాయ్ అని ఒకాయన ఉండేవాడు, ఆయన ఏ వస్తువు కొన్నా కవరు మాత్రం విప్పేవాడు కాదు.

నేనేం పెంచి చెప్పట్లేదు. టీవీ రిమోటు కవర్లోనే ఉండేది, ఏ నంబరు నొక్కామో మనకే తెలిసేది కాదు. సోఫా మీద ప్లాస్టిక్ ఉండేది. కూర్చుంటే పరపరమనేది, ఎండాకాలం లేస్తే కాళ్ళకి అంటుకుని మనతో పాటే పైకి లేచేది. స్కూటరు సీటు మీద షోరూం కవరు చిరిగిపోతే, తీసేస్తాడేమో అనుకున్నాం. దాని మీద ఇంకో కవరు కుట్టించాడు. ఎందుకు బాబాయ్ అంటే "కొత్తగా ఉంటది కదే" అనేవాడు. కొత్తగా ఉండి ఏం చేస్తదో మాత్రం చెప్పేవాడు కాదు.

నేను ఇంటర్ చదువుకని వాళ్ళింట్లో ఉండేదాన్ని. సందులో మూడంతస్తుల ఇల్లు. కింద మూడు వాటాల్లో అద్దెకున్నవాళ్ళు, మధ్యలో ఓనర్లు, పైన బాబాయ్, తాయారు పిన్ని, నేను. పిల్లల్లేరు వాళ్ళకి, కాబట్టి తిట్లన్నీ నాకే.

మా ఊరికి తుఫాన్లు కొత్త కాదు. ఏటా ఒకటో రెండో వస్తాయి, కొన్ని పక్కకి పోతాయి, కొన్ని మన మీదే పడతాయి. నేను వాళ్ళింటికి రాకముందే ఒకసారి తుఫానొచ్చి రెండ్రోజులు కరెంటు లేకపోయేసరికి బాబాయ్‌కి కసి పుట్టింది. ఇంక అక్కణ్ణించి కొనడం మొదలెట్టాడు. ఎమర్జెన్సీ లైటు కొన్నాడు. పెద్ద టార్చి కొన్నాడు. చిన్న గ్యాసు డబ్బాతో మండే మడత పొయ్యి ఆన్‌లైన్లో తెప్పించాడు. పవర్ బ్యాంకు, స్టీలు ఫ్లాస్కు, మందుల పెట్టె, ఇలా వారానికొకటి వచ్చేది. వచ్చినవన్నీ డబ్బాలతో సహా హాల్లో అద్దాల బీరువాలో పేర్చేవాడు. దానికి "తుఫాను సామాను" అని పేరు కూడా పెట్టాడు.

ఇంటికి ఎవరొచ్చినా ముందు మంచినీళ్ళు కాదు, ముందు బీరువా.

"ఇదుగోండి, ఈ లైటు పన్నెండు గంటలు వెలుగుద్ది. ఈ పొయ్యి చూశారా, గాలివానలో కూడా మండుద్ది. డబ్బా మీద రాసుంది."

"వెలిగించి చూశారాండీ?" అని ఒకాయన అడిగాడు.

"భలేవారే, వెలిగిస్తే పాతదైపోదా?" అన్నాడు బాబాయ్.

అక్కడితో ఆగితే బానే ఉండేది. ఆగలేదు. కింద వాటాల వాళ్ళందరికీ మాటిచ్చేశాడు. "తుఫానొస్తే ఎవ్వరూ కంగారు పడొద్దు. సరాసరి మా ఇంటికొచ్చేయండి. నేను చూసుకుంటా" అన్నాడు. పిన్ని లోపల్నించి నన్ను చూసి, కళ్ళతోనే "ఏం చూసుకుంటాడే ఈయన" అంది.

నవంబర్లో తుఫాను రానే వచ్చింది. ముందు రోజు తుఫాను హెచ్చరికతో అందరి ఫోన్లూ ఒకేసారి గీపెట్టాయి. సందులో జనం పరుగులు. బకెట్లు నింపుకున్నారు, ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకున్నారు, మేడ మీద రేకులకి తాళ్ళు కట్టుకున్నారు. మా బాబాయ్ మాత్రం తడిగుడ్డ తీసుకుని బీరువా అద్దాలు తుడిచాడు.

"ఆ లైటు కాస్త ఛార్జింగ్ పెట్టొచ్చు కదండీ" అంది పిన్ని.

"కొన్నప్పుడు అందులో ఉంటది తాయారూ. నీకు తెలీదులే."

తెల్లారి గాలి మొదలైంది. పిన్ని ఇంకోసారి అడిగింది. "పోనీ ఫ్లాస్కు ఇవ్వండి. నీళ్ళు మరగబెట్టి పోసి ఉంచుతాను. ఎప్పుడెవరికి కావాల్సొస్తాయో."

"దాని మీద స్టిక్కరు ఉందే. వేడికి ఊడిపోద్ది."

పిన్ని వంటింట్లోకెళ్ళింది. గిన్నెలు గట్టిగా పెట్టింది, అంతే.

తొమ్మిదింటికి కరెంటు పోయింది. పదకొండుకల్లా సందులో నడుం లోతు నీళ్ళు. ఎదురింటి స్తంభం దగ్గర ఒక తీగ తెగి నీళ్ళలోకి వేలాడుతోంది. అందుకని బయటికి అడుగు పెట్టే సీన్ లేదు. కింద వాటాల్లోకి నీళ్ళొచ్చేశాయి. మధ్యలో ఓనర్లు తాళం వేసుకుని పెళ్ళికెళ్ళారు. ఇంక అందరూ లోపలి మెట్లెక్కి మా ఇంటికే వచ్చారు. మొత్తం ఏడుగురు. వాళ్ళలో కెజియా అక్క ఉంది, చంకలో నాలుగు నెలల పాప, భుజానికి సంచి. వాళ్ళాయన పోర్టులో డ్యూటీకెళ్ళి అక్కడే ఇరుక్కుపోయాడు. అందరికంటే చివర్న నూకరత్నం వచ్చింది. మా గేటు లోపలి పక్కన రేకుల షెడ్డులో బట్టలు ఇస్త్రీ చేస్తది. నెత్తి మీద బొగ్గుల ఇస్త్రీ పెట్టె, చేతిలో మూతి కట్టిన ప్లాస్టిక్ సంచి.

"ఆ బరువెందుకే మోసుకొచ్చావు?" అన్నాడు బాబాయ్.

"నాకు కూడెట్టేది ఇదేనండి బాబుగారు. నీళ్ళలో ఒదిలేసి వస్తానేటండి?"

"సరే, టైల్స్ మీద పెట్టకు, మసవుద్ది. మెట్ల మీద పెట్టు."

ఆవిడ మెట్ల మీదే పెట్టి, దాని పక్కనే కూర్చుంది.

బాబాయ్ ఆ రోజు మామూలుగా లేడు. పంచె మడిచి కట్టాడు. అందర్నీ సోఫాలో కూర్చోబెట్టాడు, పరపర పరపర. పిన్ని అందరికీ ఉప్మా చేసింది. పిల్లలు మళ్ళీ అడిగితే మళ్ళీ చేసింది. తర్వాత టీ పెట్టింది. రెండో విడత టీ సగం కాగేసరికి పొయ్యి నీలంగా ఒకసారి ఎగిరి, టుప్పుమని ఆరిపోయింది.

"గ్యాసైపోయింది" అంది పిన్ని.

"రెండోది పెట్టు" అన్నాడు బాబాయ్.

"రెండోది ఖాళీ అయ్యి వారమైందండి. బుక్ చేశాం, బండి రాలేదు. మొన్న మీకే చెప్పాను."

"సరేలే. ఉప్మా తిన్నారుగా అందరూ. టీ తాగకపోతే ఏం కాదు" అన్నాడు. నిజమే, ఎవరికీ ఏం కాదు. ఒక్కళ్ళకి తప్ప.

రెండింటప్పుడు పాప లేచింది. దానికి పోతపాలే. కెజియా అక్క సంచిలోంచి పాలపొడి డబ్బా తీసింది, సీసా తీసింది, తన ఫ్లాస్కు వంచింది. రెండు చుక్కలు పడ్డాయి. పొద్దున్నించి దాంట్లో నీళ్ళే వాడుతోంది.

"ఆంటీ, ఒక గ్లాసుడు నీళ్ళు కాచిస్తారా?" అంది.

పిన్ని బాబాయ్ వైపు చూసింది. బాబాయ్ కిటికీ వైపు చూశాడు.

"క్యాన్ నీళ్ళు ఉన్నాయి కదా, అవి కలిపేయమ్మా. మేం తాగేవే" అన్నాడు.

కెజియా అక్క తల అడ్డంగా ఊపింది. "కిందటి నెల అలాగే కలిపానంకుల్. విరేచనాలు పట్టుకుని మూడ్రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. ఈసారి అలాగైతే ఆసుపత్రికి కూడా వెళ్ళలేం. మరగబెట్టిన నీళ్ళే కావాలి."

పాప ఏడుపు అందుకుంది. అంత చిన్న మనిషికి అంత గొంతేంటో, గాలి హోరు మీద కూడా వినిపిస్తోంది.

బాబాయ్ లేచాడు. అసలు ఈ క్షణం కోసమే పుట్టినట్టు లేచాడు. "ఎందుకమ్మా కంగారు. మన పొయ్యి ఉందిగా" అని బీరువా తాళం తీశాడు. అవును, దానికి తాళం కూడా ఉంది.

ముందు వెలుతురు కావాలి కదా, మబ్బుకి వంటింట్లో ఏం కనబట్లేదు. ఎమర్జెన్సీ లైటు తీసి బటన్ నొక్కాడు. వెలగలేదు. అటుపక్క నొక్కాడు. వెలగలేదు. ఊపాడు, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. మూడేళ్ళ నించి ఒక్కసారి కూడా ఛార్జింగ్ పెట్టని లైటు ఏం మాట్లాడుద్ది. టార్చి తీశాడు. వెనక మూత తిప్పితే కదల్లేదు. గట్టిగా తిప్పితే లోపల్నించి ఉప్పులాంటి తెల్ల పొడి రాలింది. బ్యాటరీలు కారిపోయి రేకుకి అతుక్కుపోయాయి.

"చిట్టీ, నీ ఫోన్ లైటు వెయ్యి" అన్నాడు నాతో, మెల్లిగా.

"పన్నెండు శాతమే ఉంది. పవర్ బ్యాంకు పెట్టనా?" అన్నాను. పెట్టాను. అది కూడా ఖాళీయే.

సరే, పొయ్యి. డబ్బా కింద పెట్టుకుని చుట్టూ అతికించిన టేపుని గోరుతో గీకడం మొదలెట్టాడు. చించట్లేదు, గీకుతున్నాడు. అట్ట పాడవకూడదని. పాప ఏడుస్తోంది, ఈయన గీకుతున్నాడు.

మెట్ల మీద నించి నూకరత్నం అంది, "బాబుగారండీ, ఆ పాప పెళ్ళి వంటకైనా అందుద్దాండీ ఆ పొయ్యి?"

అందరూ నవ్వారు. కెజియా అక్క నవ్వలేదు.

ఎట్టకేలకి పొయ్యి బయటికొచ్చింది. నిజం చెప్పాలంటే ముద్దుగా ఉంది, ఎర్రగా, మెరుస్తా. పక్కన గ్యాసు డబ్బా పెట్టే అర ఉంది. అర తెరిచాడు. ఖాళీ. అట్టపెట్టె బోర్లించాడు. ఒక కాగితం పడింది. నేను ఫోను వెలుతుర్లో చదివాను.

"గ్యాసు డబ్బా విడిగా కొనుక్కోవాలంట, బాబాయ్."

"పెట్టె మీద బొమ్మలో ఉంది కదే" అన్నాడు.

"బొమ్మలో ఉంది. పెట్టెలో లేదు."

మూడేళ్ళు అందరికీ చూపించిన పొయ్యి అది. విప్పి చూసుంటే మొదటిరోజే తెలిసేది.

పిన్ని దేవుడి దగ్గర దీపం వెలిగించి, దాని మీద చిన్న గిన్నె పట్టుకుని నిలబడింది. పావుగంట పట్టుకుంది. చెయ్యి మారుస్తా, మళ్ళీ పట్టుకుంది. నీళ్ళు గోరువెచ్చన కూడా అవలేదు. ఈలోగా పాప ఏడుపు సన్నబడింది. కాసేపటికి ఏడవడం మానేసి, నోరు మాత్రం తెరుస్తా మూస్తా ఉంది. అప్పుడు భయమేసింది నాకు. అంతవరకూ లోపల నవ్వుకుంటూ ఉన్నదాన్ని, ఇంక నవ్వు రాలేదు. బాబాయ్ పొయ్యి పక్కనే కింద కూలబడ్డాడు. "నేనే రమ్మన్నాను వీళ్ళని" అన్నాడు, ఎవరితోనూ కాదు.

నూకరత్నం లేచి గుమ్మంలోకి వచ్చింది.

"అమ్మగారండీ, బొగ్గులు నా దగ్గరున్నాయండి. సంచి మూతి గట్టిగా కట్టాను, తడవలేదు. పెట్టెలో నిప్పు చేసుకుంటే నీళ్ళు కాగవాండి?"

"ఇస్త్రీ పెట్టె మీదా?" అన్నాడు బాబాయ్.

"చొక్కా మీద మడత తీసే వేడి, నీళ్ళకి చాలదాండి? ఎన్నిసార్లు టీ పెట్టుకున్నానో దాని మీద. కాపోతే బొగ్గులు అంటుకోడానికి ఎండిందేదన్నా కావాలండి. నా కొబ్బరి పీచంతా కింద మునిగిపోయింది."

అందరం చుట్టూ చూశాం. పాత పేపర్లన్నీ పొద్దున్నే కిటికీల కింద నీళ్ళు రాకుండా కుక్కేశాం, ముద్దయిపోయాయి. గుడ్డలు తడి. మెల్లిగా అందరి కళ్ళూ ఒకే చోటికెళ్ళాయి. బీరువా. లోపల ఎండు అట్టపెట్టెలు, వరసగా, ఒక్క మడత లేకుండా.

బాబాయ్ పాప వంక చూశాడు. చేతిలో ఉన్న పొయ్యి పెట్టె వంక చూశాడు. తర్వాత దాన్ని మోకాలికి ఆనించి ఒక్క గుంజు గుంజాడు. పర్రుమంది. లైటు పెట్టె కూడా చింపాడు, టార్చిది కూడా. "ఇంకా కావాలా? ఇదుగో, ఇదుగో" అంటున్నాడు. ఆయన అంత స్పీడుగా ఏదైనా చెయ్యడం నేనదే చూడటం.

"చాలు చాలండి, ఇల్లు తగలెట్టం కదా" అంది నూకరత్నం.

ఇస్త్రీ పెట్టెని లోపలికి తెద్దామని బాబాయ్ చెయ్యి వెయ్యబోతే ఆపేసింది. "లోపల వద్దండి. తలుపులన్నీ మూసున్నాయి. బొగ్గు పొగ కంటికి కనపడదు, మనిషిని పడేసుద్ది. ఇక్కడే, ఈ మెట్ల మలుపులో. గాలాడుద్ది, జల్లు కొట్టదు."

పెట్టె మూత ఎత్తింది. అడుగున అట్ట ముక్కలు నలిపి పేర్చింది, పైన చిన్న బొగ్గులు, వాటి పైన పెద్దవి. పిన్ని అగ్గిపెట్టె అందించింది. ఒక్క పుల్లకే అంటుకుంది. మిగిలిన అట్ట ముక్క బాబాయ్ చేతికిచ్చి "విసరండి" అంది. బాబాయ్ విసిరాడు. బూడిదంతా లేచి ఆయన మొహానికే కొట్టింది.

"అంత గట్టిగా కాదండి. పాపకి జోలపాడినట్టు విసరండి. ఆ, అలాగ."

బాబాయ్ మెల్లిగా విసిరాడు. బొగ్గులు మూలల్లో ఎర్రబడ్డాయి, తర్వాత మధ్యలో, తర్వాత మొత్తం. పెట్టె అంచుల మీద గిన్నె కూర్చోబెట్టి పైన ప్లేటు మూసింది. అందరం మెట్ల మీద బారుగా కూర్చుని ఆ గిన్నెనే చూస్తున్నాం. పది నిమిషాలు ఇంత పొడుగుంటాయని నాకు తెలీదు. మొదట సన్న ఆవిరి. తర్వాత అడుగున చుక్కల్లాంటి బుడగలు. కెజియా అక్క చెయ్యి చాచింది.

"ఆగమ్మా. ఇప్పుడే కాదు, తెర్లాలి" అంది నూకరత్నం.

నీళ్ళు మరిగి గలగలా తెర్లాయి. ప్లేటు టకటకలాడింది. ఒక గిన్నెడు నీళ్ళతో సీసా కడిగారు. ఇంకో గిన్నె మరిగించి చల్లార్చి పాలు కలిపారు. పాప సీసా పట్టుకున్న పట్టు చూడాలి. సగం అయ్యేదాకా ఊపిరి కూడా తీసుకోలేదు. తర్వాత ఒక పెద్ద తేన్పు తేన్చింది. కింద నించి వచ్చినవాళ్ళూ, మేం ముగ్గురం, అందరం ఒకేసారి హమ్మయ్య అన్నాం.

కెజియా అక్క నూకరత్నం చేతులు రెండూ పట్టుకుంది. నూకరత్నం అంది, "ఊరుకోమ్మా, నిప్పు చేయడమూ ఒక పనేనా."

బాబాయ్ మీసాల నిండా బూడిద. "మూడేళ్ళ నించి కొంటున్నాను, నూకరత్నం. ఒక్కటీ పనికి రాలేదు" అన్నాడు.

"ఎందుకు పనికి రాలేదండి, అట్టలు భలే మండాయి" అంది ఆవిడ. ఈసారి కెజియా అక్క కూడా నవ్వింది. బాబాయ్ నవ్వాడు, మీసాల్లోంచి బూడిద రాలింది.

సాయంత్రానికి గాలి తగ్గింది. మర్నాటికి నీళ్ళు తీశాయి. కెజియా అక్క వాళ్ళాయన వచ్చి పాపని ఎత్తుకున్నాడు. ఎవరిళ్ళు వాళ్ళు కడుక్కున్నారు. అందరూ మర్చిపోతారు అనుకున్నాను, బాబాయ్‌తో సహా.

ఆయన మర్చిపోలేదు. ఆదివారం పొద్దున్నే బీరువాలో సామానంతా హాల్లో కుప్ప పోసి, ఒక్కోటీ విప్పడం మొదలెట్టాడు. లైటు ఛార్జింగ్ పెట్టాడు. టార్చి బాగుచెయ్యడానికి పనికిరాదని తేలితే కొత్తది కొన్నాడు, బ్యాటరీలు విడిగా పెట్టాడు. పొయ్యికి గ్యాసు డబ్బాలు తెచ్చాడు. తెచ్చి ఊరుకోలేదు, వెలిగించాడు, ఆర్పాడు, పిన్ని చేత వెలిగింపించాడు, నా చేత వెలిగింపించాడు. మెయిన్ స్విచ్చి ఎక్కడుందో, నీళ్ళ ట్యాంకు వాల్వు ఎటు తిప్పాలో నాకు చూపించబోయి, తనకే తెలీదని తెలుసుకున్నాడు, ఇద్దరం కలిసి వెతుక్కున్నాం.

తర్వాత కిందికెళ్ళి నూకరత్నం షెడ్డు ముందు స్టూలేసుకుని కూర్చున్నాడు.

"బట్టలేయండి బాబుగారు, చేసిచ్చేస్తాను" అంది ఆవిడ.

"బట్టలకి రాలేదు. నిప్పు చేయడం నేర్చుకోడానికొచ్చాను."

ఆవిడ ఒక్కసారి ఎగాదిగా చూసింది. "పీచు ముందా, బొగ్గు ముందా, చెప్పండి చూద్దాం."

"బొగ్గు."

"లేవండి. మళ్ళీ కూర్చోండి. మళ్ళీ చెప్పండి."

మొదటిసారి పొగే వచ్చింది. రెండోసారి మంట వచ్చి ఆరిపోయింది. మూడోసారి చొక్కా మీద నిప్పురవ్వ పడి చిల్లు పడింది, ఆయన చూసుకోను కూడా లేదు. నాలుగోసారి బొగ్గులు నిండుగా ఎర్రగా అంటుకున్నాయి. దాని మీదే టీ పెట్టాడు. నూకరత్నానికి గ్లాసు ఆయనే అందించాడు. ఆవిడ ఒక గుక్క తాగింది.

"పంచదార ఎక్కువైందండి. నిప్పు మాత్రం బాగా కుదిరింది" అంది.

ఏ డిగ్రీ ఇచ్చినా బాబాయ్ అంత మురిసేవాడు కాదు.

వినండి అందరూ, ముఖ్యంగా కొనేసి పక్కన పడేసే బ్యాచ్: వస్తువు ఇంట్లో ఉన్నంత మాత్రాన ఆపదకి సిద్ధంగా ఉన్నట్టు కాదు, ముందే విప్పి, వాడి, చేతికి అలవాటు చేసుకున్నదే అవసరానికి ఆదుకుంటుంది.